మన పిల్లల్ని బాతుల వేటకి తీసుకెళ్లాలంటే: టెక్సాస్‌లో ఉన్నవాళ్ల కోసం

కేటీ, షుగర్‌ల్యాండ్ వైపు మన ఇళ్లలో అక్టోబర్ దగ్గరపడేసరికి ఈ ప్రశ్న మొదలవుతుంది. "మావాడు ఫ్రెండ్స్‌తో డక్ హంటింగ్‌కి వెళ్తానంటున్నాడు, పంపించొచ్చా?" పంపించాలా వద్దా అనేది మీ ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం, అందులో నేను వేలు పెట్టను. పంపించాలనుకున్నవాళ్లకి, లేదా మీకే వేట వచ్చి తెలిసినవాళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే ఆలోచన ఉంటే, ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో రాస్తున్నాను. నేను ఇక్కడి గల్ఫ్ తీరంలో వేటకి వెళ్తుంటాను, టీనేజ్ పిల్లలకి నేర్పిస్తుంటాను. నా లెక్కలో ఈ చదువులో రూపాయికి పావలా వంతు కాల్చడం, ముప్పావలా వంతు కాల్చకుండా ఆగడం. కింద రాసిందంతా ఆ ముప్పావలా గురించే అనుకోండి.

ముందు అమ్మానాన్నలతో మాట్లాడండి, ఇద్దరితోనూ. నాన్న ఒప్పుకుని, అమ్మకి మాత్రం "ఫిషింగ్‌కి వెళ్తున్నాం" అని చెప్పే ఇళ్లు ఉంటాయి. అలాంటి పిల్లవాణ్ణి నా కార్లో ఎక్కించుకోను. ఇంట్లో మాంసం తినకపోతే చంపిన బాతు ఎవరింటికి వెళ్తుంది, ఎవరు వండుతారు, ఎవరు తింటారు అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. తినేవాళ్లు లేకపోతే కాల్చేది లేదు, ఇది నా షరతు. తర్వాత పిల్లవాణ్ణి విడిగా అడగండి, పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు. కొందరికి నిజంగా తుపాకీ మీద ఆసక్తి, బాతుల మీద కాదు. వాళ్లని క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు) కాల్చే రేంజ్‌కి పంపితే అక్కడే హాయిగా ఉంటారు. కొందరికి నీళ్లు, చీకటి, పిట్టలు ఇష్టం, చంపడం ఇష్టం లేదు. వాళ్లని బైనాక్యులర్స్‌తో తీసుకురండి, ఏడాది పొడవునా ఒక్క షెల్ (తూటా) కూడా చేతికివ్వకుండా. ఆడపిల్లలు రామని అనుకుని అడగకుండా వదిలేయకండి. అడిగితే వస్తారు, పైగా ఓపికగా కూర్చోవడంలో వాళ్లే నయం.

వీసా సంగతి మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోరు కాబట్టి ముందే చెప్తున్నాను. సిటిజన్‌షిప్ ఉన్నా, గ్రీన్‌కార్డ్ ఉన్నా ఇది మీ సమస్య కాదు. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ తమ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. కాబట్టి హెచ్4 మీద ఉన్న పిల్లవాడికి లైసెన్స్ అంటే వేట రోజున చూపించే కాగితం మాత్రమే కాదు, వేసవిలో రేంజ్‌కి వెళ్లి తుపాకీ పట్టుకోవడానికి ముందే ఉండాల్సిన కాగితం. టెక్సాస్ హంటింగ్ లైసెన్స్ మీరు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. జులైలో కొన్నాం కదా, ఏడాది ఉంటుందిలే అనుకుని సెప్టెంబర్‌లో టీల్ అనే చిన్న బాతుల సీజన్‌కి బయల్దేరితే కొంప మునుగుతుంది. ఇంట్లో ఎవరైనా వీసా మీద ఉంటే తుపాకీ కొనక ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి, ఆ ఫీజు దండగ కాదు.

కాగితాలు

టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. 9 ఏళ్లు నిండితే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 17 లోపు పిల్లలు లైసెన్స్ ఉన్న పెద్దవాళ్ల తోడుతో కోర్సు లేకుండా కూడా వెళ్లొచ్చు గానీ, నా మాట విని కోర్సు చేయించండి. ఆన్‌లైన్‌లో కూడా ఉంది, అయినా మనిషి ఎదురుగా నిలబడి చెప్పే క్లాసు దొరికితే దానికే పంపండి, మీరూ పక్కన కూర్చోండి. 17 లోపు వాళ్లకి యూత్ హంటింగ్ లైసెన్స్ 7 డాలర్లే. దాంతోపాటే హెచ్ఐపి అని వలస పక్షుల వేటగాళ్ల నమోదు ఉంటుంది, పోయినేడు ఎన్ని బాతులు కొట్టారు లాంటి ప్రశ్నలు అడుగుతారు. కౌంటర్ దగ్గర క్లర్క్ తొందరలో అన్నిటికీ సున్నా కొట్టేస్తుంటాడు. ఆపి, పిల్లవాడితోనే జవాబులు చెప్పించండి. ఎవరెవరు బాతుల వేటకి వెళ్తున్నారు, ఎన్ని కొడుతున్నారు అన్న సర్వేలు ఆ నమోదు ఆధారంగానే జరుగుతాయి.

16 ఏళ్లు నిండితే ఫెడరల్ డక్ స్టాంప్ కావాలి, 25 డాలర్లు. యూత్ లైసెన్స్ ఉంది కదా అని ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. లైసెన్స్ రాష్ట్రానిది, స్టాంప్ కేంద్రానిది, ఒకటుంటే రెండోది మాఫీ కాదు. కాగితం స్టాంప్ అయితే దాని మీద ఇంకుతో అడ్డంగా సంతకం పెట్టాలి, పెట్టకపోతే చెల్లదు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ స్టాంప్ కూడా సీజన్ పొడవునా చెల్లుతుంది, కానీ పిల్లలకి నేను కాగితానిదే కొనిపిస్తాను. చేతిలో పెట్టి దాని కథ చెప్పొచ్చని. 1934లో ఇది మొదలైంది, అప్పుడు ఖరీదు ఒక డాలర్. మొదటి స్టాంప్ మీద బొమ్మ వేసింది డింగ్ డార్లింగ్ అనే పత్రికల కార్టూనిస్ట్. ఇందులో డాలర్‌కి 98 సెంట్లు పిట్టల కోసం చిత్తడి నేలలు కొనడానికీ కౌలుకి తీసుకోవడానికీ పోతాయి. ఇప్పటికి 60 లక్షల ఎకరాలు దాటింది. మనం వేటాడే రెఫ్యూజ్‌ల్లో (పక్షుల కోసం కాపాడే ప్రభుత్వ నేలల్లో) కొన్నింటికి ఆ డబ్బే పునాది.

టెక్సాస్‌లో మామూలు సీజన్‌కి ముందు పిల్లలకని ప్రత్యేకంగా ఒక వీకెండ్ ఇస్తారు. 16 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసు వాళ్లకి. వెంట 18 దాటిన పెద్దవాళ్లు ఉండాలి, ఆ పెద్దవాళ్లు బాతుల్ని కాల్చకూడదు. మాజీ సైనికులకీ సర్వీసులో ఉన్నవాళ్లకీ అదే వీకెండ్‌లో విడిగా అవకాశం ఇవ్వడం ఉంది గానీ అది వేరే సంగతి. కొత్త పిల్లవాడికి ఇంతకంటే మంచి రోజు ఉండదు. జనం తక్కువ, బాతులు ఇంకా బెదిరి ఉండవు, అన్నిటికంటే ముఖ్యం మీ చేతిలో తుపాకీ ఉండదు. మామూలు సీజన్‌లో కూడా నేర్పే రోజున నా తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. మీకూ కాల్చాలని ఉంటే ఇంకో రోజు వెళ్లండి. ఒక కన్ను బాతు మీద, ఒక కన్ను పిల్లవాడి మీద పెట్టడం ఎవరి తరం కాదు.

వేసవి నుంచే పిట్టలు

జూన్‌లోనే మొదలుపెట్టండి. బ్రేజోస్ బెండ్ స్టేట్ పార్క్ మనవాళ్లకి ఎలాగూ తెలుసు, మొసళ్లని చూపించడానికి చుట్టాలందర్నీ తీసుకెళ్తాం కదా. అక్కడే విస్లింగ్ డక్స్ కనిపిస్తాయి. చలికాలం మొదలయ్యాక అనహాక్ రెఫ్యూజ్‌లో షవెలర్ పాండ్ చుట్టూ కార్లోంచే చూడొచ్చు. పుస్తకంలో బొమ్మలు చూసి పేర్లు బట్టీ పట్టడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. తెల్లవారుజామున రంగు కనపడదు, మగ బాతు ఆకుపచ్చ తల కనపడదు, కనపడేది నల్లటి ఆకారం. అందుకని ఆకారం, ఎగిరే తీరు, గుంపు తీరు నేర్పండి. టీల్ చిన్నవి, గుంపంతా ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. పిన్‌టైల్ మెడ పొడుగు, తోక సన్నం. గాడ్వాల్ రెక్క వెనక లోపలి వైపు చిన్న తెల్ల చతురస్రం ఉంటుంది. షవెలర్ ముక్కు గరిటెలా వెడల్పు, ఎగిరేటప్పుడు ముక్కు బరువుకి తల ముందుకి వాలినట్టుంటుంది. విస్లింగ్ డక్ కాళ్లు తోక దాటి వేలాడతాయి, నల్ల రెక్క మీద పెద్ద తెల్ల పట్టీ.

మాటిల్డ్ డక్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన తీరంలో పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. అది ఆడ మల్లార్డ్‌లాగే గోధుమరంగులో ఉంటుంది. రెక్క మీద నీలి అద్దం లాంటి మచ్చ రెండింటికీ ఉంది. ఆడ మల్లార్డ్‌కి ఆ మచ్చకి ముందూ వెనకా రెండు తెల్లటి గీతలు స్పష్టంగా ఉంటాయి, మాటిల్డ్‌కి ఉండవు, ఒళ్లు కూడా కాస్త ముదురు. ఇది గల్ఫ్ తీరంలోనే పుట్టి ఇక్కడే పెరిగే బాతు, ఉత్తరం నుంచి వలస వచ్చి లోటు పూడ్చే గుంపులు దీనికి లేవు. అందుకే టెక్సాస్‌లో సీజన్ మొదటి 5 రోజులు దీన్ని అసలు కొట్టకూడదు, తర్వాత కూడా రోజుకి ఒక్కటే. మొదటి వారం పిల్లలకి నేను పెట్టే రూలు ఒకటే. గోధుమరంగు పెద్ద బాతు ఏది వచ్చినా తుపాకీ లేవకూడదు. వచ్చింది ఆడ మల్లార్డే అని తేలినా సరే, వెళ్లనివ్వు.

ఇంకోటి తెల్ల పక్షులు. స్నో గూస్ తెలుపు, రెక్కల కొసలు నలుపు. వూపింగ్ క్రేన్ తెలుపు, రెక్కల కొసలు నలుపు. మొదటిదానికి వేట సీజన్ ఉంది. రెండోదాన్ని కొడితే ఫెడరల్ కేసు, ఎందుకంటే 1941లో టెక్సాస్ తీరంలోని అరాన్సస్‌లో ఆ గుంపు మొత్తం కలిపి 15, 16 పక్షులే మిగిలాయి. అక్కణ్ణుంచి కాపాడుకుంటూ వస్తే ఇప్పుడు వందల్లో ఉన్నాయి, చలికాలం మన తీరంలోనే గడుపుతాయి. తేడా కాళ్లలో ఉంది. క్రేన్ ఎగిరేటప్పుడు మెడ ముందుకి, కాళ్లు తోక దాటి వెనక్కి, రెండు వైపులా పొడుగ్గా సాగి ఉంటాయి, రెక్కలు నిదానంగా ఆడతాయి. గూస్‌కి కాళ్లు కనపడవు. తెల్ల పెలికాన్‌కి కూడా నల్ల రెక్క అంచులుంటాయి, అది ఇంకా పెద్దది, మెడ ముడుచుకుని ఎగురుతుంది. కొల్లేరు వైపో నేలపట్టు వైపో పెరిగినవాళ్లకి పెలికాన్ ఎగరడం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఇండియా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా ఇక్కడే. కొల్లేరుకి చలికాలంలో వచ్చే సూదితోక బాతూ, ఇక్కడి పిన్‌టైలూ ఒకే జాతి. షవెలర్ కూడా అంతే. ఇక్కడ లైసెన్స్‌తో కొట్టొచ్చు, అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, జైలు. సెలవుల్లో తాతగారి ఊరు వెళ్లినప్పుడు ఎవరో "చెరువులో బాతులు వాలాయి, ఎయిర్‌గన్ ఉంది, రా" అంటే వెళ్లకూడదని పిల్లవాడికి ముందే గట్టిగా చెప్పండి. "మరి ఇక్కడెందుకు ఒప్పుకుంటారు అంకుల్?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు చెప్పాల్సిన ముక్క ఇది: ఇక్కడ ప్రతి ఏడూ పిట్టల లెక్కలు చూసి, ఎన్ని కొడితే మళ్లీ పూడుతుందో అంచనా వేసి లిమిట్ పెడతారు. హద్దు లేకపోతే ఏమవుతుందో రెండు దేశాల్లోనూ సాక్ష్యం ఉంది. భరత్‌పూర్‌లో 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్క రోజులో 4,273 పిట్టల్ని కొట్టినట్టు రాతి మీద చెక్కి ఉంది. ఇక్కడ ప్యాసింజర్ పావురాలు ఆకాశం కమ్మేసేంత ఉండేవి, సంతల్లో అమ్మకానికి వేటాడి తుడిచిపెట్టేశారు, చివరిది 1914లో సిన్సినాటి జూలో చచ్చిపోయింది. వలస పక్షుల చట్టం వచ్చింది 1918లో.

తుపాకీ

ఇంట్లో ఉన్నదే చాలు అనుకోకండి. నాన్న కొన్న 12 గేజ్ (లావు గొట్టం) తుపాకీని 12 ఏళ్లవాడి భుజానికి ఆనిస్తే మొదటి దెబ్బకే భయపడతాడు, తర్వాత ట్రిగ్గర్ నొక్కే ముందు కళ్లు మూసుకుంటాడు. ఆ అలవాటు వదిలించడం మహా కష్టం. 20 గేజ్ (అంతకంటే సన్న గొట్టం), గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్ అయితే తన్ను తక్కువ. బట్ (భుజానికి ఆనే భాగం) పొడవు పిల్లవాడికి సరిపోవాలి, అదీ చలికోటు వేసుకున్నాక చూడాలి. కొనక ముందు షాపుకి కోటు పట్టుకెళ్లండి, సేల్స్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.

సీసం గుళ్లు బాతుల వేటలో 1991 నుంచి దేశమంతటా నిషేధం. చెరువు అడుగున పడ్డ సీసాన్ని గింజలనుకుని తిని బాతులు విషంతో చచ్చేవి. కాబట్టి స్టీల్, బిస్మత్ లాంటివే వాడాలి. పావురాల వేటలో మిగిలిన సీసం షెల్ ఒక్కటి జేబులో ఉన్నా కేసే, అందుకని బయల్దేరే ముందు జేబులన్నీ తిరగేయించండి. పంప్, సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో ప్లగ్ (ఎక్కువ షెల్స్ పట్టకుండా అడ్డుపెట్టే ముక్క) ఉండాలి, మొత్తం కలిపి 3 షెల్స్ కంటే ఎక్కువ పట్టకూడదు. చట్టం 3 అంటుంది, నేను మొదటి సీజన్ అంతా 1 అంటాను. ఒక్కటే ఉందని తెలిస్తే పిల్లలు దగ్గరికి వచ్చేదాకా ఆగుతారు. పైగా కాల్చిన వెంటనే తుపాకీ ఖాళీ, ఆ ఉత్సాహంలో అటూ ఇటూ తిరిగినా ప్రమాదం లేదు.

భద్రత సూత్రాలు నాలుగూ హంటర్ ఎడ్యుకేషన్‌లో నేర్పుతారు: ప్రతి తుపాకీ నిండుగానే ఉందనుకోవాలి, గొట్టం ఎప్పుడూ మనుషుల వైపు తిరగకూడదు, గురి వెనక ఏముందో చూసుకోవాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. చెప్పడం తేలికే, ఒంట్లోకి ఎక్కించాలి కదా. ఇంట్లో ఖాళీ తుపాకీతో, ఖాళీ అని ఇద్దరూ కళ్లతో చూసి వేలితో తడిమి నిర్ధారించుకున్నాక, హాల్లో రెండు కుర్చీలు వేసి కూర్చోండి. మీరు "ఎడమ నుంచి వస్తోంది" అనాలి, వాడు కూర్చున్నచోటే తుపాకీ ఎత్తి తిప్పాలి. గడియారంలో 10 నుంచి 2 దాకా వాడి జాగా. ఆ హద్దు దగ్గర ఒక దిండు పెట్టండి, గొట్టం దిండు దాటితే ఆట మళ్లీ మొదటికి. పది నిమిషాలు ఆడితే చాలు, రోజూ ఆడాలి. ఫోన్ మోగినా కుక్క మొరిగినా గొట్టం కదలని రోజు వస్తుంది, అప్పుడు నీళ్లలోకి తీసుకెళ్లండి. మిగతా సమయం తుపాకీ తాళంలో, షెల్స్ వేరే తాళంలో. 17 లోపు పిల్లల చేతికి అందేలా తూటాలు నింపిన తుపాకీ వదిలేయడం టెక్సాస్‌లో నేరం, అయినా చట్టం కోసం కాదు తాళం వేసేది.

రేంజ్‌లో క్లే టార్గెట్లు కాల్చడం అయ్యాక ఒక పెద్ద కాగితం మీద 20, 30, 40 గజాల నుంచి కాల్పించి చిల్లులు లెక్కపెట్టించండి. 40 దగ్గర మధ్యలో ఎన్ని ఖాళీలు ఉన్నాయో, ఆ ఖాళీలో బాతు పడితే ఏమవుతుందో వాడే చెప్తాడు. గాయపడి ఎగిరిపోతుంది, ఎక్కడో రెల్లులో చస్తుంది. దూరాన పోయేవాటి మీదికి గుళ్లు కుమ్మరించేవాళ్లు ప్రతి రెఫ్యూజ్‌లోనూ ఉంటారు. వాళ్లని తిట్టడం కంటే ఆ కాగితం ఎక్కువ నేర్పుతుంది.

తెల్లవారుజాము

ముందు రోజు రాత్రి పిల్లవాడి సంచి వాడితోనే సర్దించండి. చెవులకి రక్షణ, కళ్లద్దాలు, పొడి మేజోళ్లు ఇంకో జత, తల లైటు, విజిల్. వేడర్స్‌కి (నీళ్లలో దిగడానికి వేసుకునే పొడుగు బూట్ల ప్యాంటుకి) నడుం బెల్టు బిగించి కట్టుకోవాలి, జారి పడితే లోపలికి నీళ్లు దూరకుండా. పడవ అయితే లైఫ్ జాకెట్ వేసుకునే ఎక్కాలి. 13 లోపు వాళ్లకి నడిచే చిన్న పడవలో అది చట్టం, మిగతావాళ్లకి అది నా చట్టం. సెప్టెంబర్ టీల్ సీజన్‌లో దోమలు చంపేస్తాయి, నీటి పాములు, మొసళ్లు కూడా చురుగ్గా ఉంటాయి. చలికాలం మరీ చిన్నవాళ్లకి హింస. నవంబర్ మొదట్లో మొదలుపెట్టడం మంచిది. తినడానికి పులిహోర తీసుకెళ్లండి, చేతులు చలికి కొంకర్లు పోయినప్పుడు చపాతీ రోల్ అయితే ఇంకా సుఖం. ఫ్లాస్కులో పిల్లలకి బూస్ట్, మీకు టీ.

డికాయ్‌లు (బాతుల్ని రప్పించే బొమ్మ బాతులు) పెట్టేటప్పుడు ఒకదాన్ని సరిగ్గా 30 గజాల దగ్గర పెట్టించండి, అడుగులు వాడే వేయాలి. అదే హద్దు. దాని అవతల ఉన్నది ఎంత అందమైన బాతైనా ఆకాశానిదే. కాల్ (బాతు అరుపు పలికే పీక) ఊదడం ఇంటి దగ్గర నేర్చుకుని రావాలి, అక్కడ నేర్చుకోకూడదు. మొదటి రోజు మీరే ఊదండి, తక్కువగా. రికార్డు చేసిన అరుపులు స్పీకర్లో వినిపించడం బాతులకి నిషేధం, గింజలు చల్లి రప్పించడమూ నిషేధం. గింజలన్నీ తీసేశాక కూడా 10 రోజుల పాటు ఆ చోటు ఎర వేసిన చోటు కిందే లెక్క. ఈగిల్ లేక్, ఎల్ క్యాంపో వైపు వరి కోసిన మళ్లలో నీళ్లు పెడితే బాతులు వాలతాయి, అది మామూలు సేద్యం కాబట్టి ఫర్వాలేదు. అదే మడిలో ఎవరో ఒక బస్తా వడ్లు ఒంపితే మీకు తెలియదన్నా కుదరదు, తెలిసి ఉండాల్సిందే అంటుంది చట్టం. అందుకే లీజు మడిలోకి దిగే ముందు ఆసామిని అడగాలి, గట్టు చుట్టూ ఒకసారి నడిచి చూడాలి. ఆ నడక పిల్లవాడితో నడిపించండి.

కుడిచేతి వాటం పిల్లవాడైతే మీరు వాడికి కుడివైపు కూర్చోండి. ఒళ్లో తుపాకీ గొట్టం సహజంగా ఎడమవైపు తిరుగుతుంది, మీ వైపు కాదు, మీ చెయ్యి వాడి భుజాన్ని అందుకుంటుంది. ఇద్దరు పిల్లలుంటే తుపాకీ ఒకటే, వంతులవారీగా. కుక్కని తెచ్చుకుంటే అది నీళ్లలోకి దిగాక కిందుగా వచ్చే బాతుని పిల్లవాడు కాల్చకూడదు.

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చొచ్చని చట్టం. ఆ అరగంటలో మొదటి పావుగంట ఆకారాలే తప్ప ఏమీ తెలియదు. కార్మొరెంట్లు, ఐబిస్‌లు, గ్రీబ్‌లు అన్నీ అప్పుడే తిరుగుతాయి, వాటిలో దేన్నీ కొట్టకూడదు. మేము ఒక కొలత పెట్టుకున్నాం. 20 గజాల దగ్గరున్న గాడ్వాల్ డికాయ్ రెక్క మీది తెల్ల మచ్చ పిల్లవాడికి కనిపించాలి, అప్పుడు షెల్ పెట్టుకోవచ్చు. దానికి ముందు గుంపులు గుంపులుగా దిగుతాయి, అటు పక్క బ్లైండ్ల (వేటగాళ్లు మాటు వేసే చాటుల) నుంచి టపటపా వినిపిస్తుంది, పిల్లవాడు మీ మొహం వంక చూస్తాడు. "పేరు చెప్పు" అనండి. పేరు చెప్పగలిగితే, అది కొట్టదగ్గదైతే, 30 గజాల్లో ఉంటే "సరే" అంటాను. ఈ మూడూ కుదిరేసరికి బాతు వెళ్లిపోయి ఉంటుంది, మొదట్లో. వెళ్లిపోనివ్వండి. కొన్ని వారాల్లో ఆ మూడూ కంటి రెప్ప కాలంలో అవుతాయి. కుర్రాళ్లు కొందరు నా కంటే ముందే "షవెలర్, ఆడది, వద్దులే అంకుల్" అంటారు.

కాల్చాక

పడిన బాతు మీద నుంచి చూపు తీయకూడదు. ఇంకో బాతు తల మీద నుంచి వెళ్తున్నా సరే. తుపాకీ ఖాళీ చేసి మీ చేతికిచ్చి, వెంటనే నడవాలి. వెతకకుండా వదిలేయడం చట్టరీత్యా కూడా తప్పే. గాయపడ్డ బాతు తలని నీటి మట్టానికి ఆనించి, మెడ చాపి, నిశ్శబ్దంగా రెల్లులోకి ఈదుతుంది. నీళ్ల మీద సన్నటి గీత కనపడుతుంది, ఆ గీత వెంట వెళ్లాలి. ప్రాణంతో దొరికితే వెంటనే మెడ విరిచి ముగించాలి. ఇది మొదట మీరే చేయండి, దాచకుండా, వాడు చూస్తుండగా, మాటలు ఎక్కువ లేకుండా. కొందరు పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి, "మగపిల్లాడివి" లాంటి కబుర్లొద్దు, ఫోన్ తీసి ఫొటోలూ వద్దు. ఆ రోజుకి ఇక చాలంటే డికాయ్‌లు ఎత్తేసి ఇంటికి వచ్చేయండి.

టెక్సాస్‌లో కొన్నేళ్లుగా రోజుకి మొత్తం 6 బాతులు, అందులో జాతికింతని మళ్లీ లెక్కలుంటాయి, అవి ఏటా మారతాయి. పోయినేటి లెక్క నోటికి వచ్చినా పనికిరాదు, పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల ఔట్‌డోర్ యాన్యువల్ యాప్‌లో ఆ ఏటిది చూసుకోవాలి. ఎవరి లిమిట్ వాళ్లది. "వాడికి ఇంకా రెండు మిగిలాయి కదా, నేను కొడతా" అనే నాన్నలు ఉంటారు, అది నేరం, పైగా పిల్లవాడి ఎదురుగా చేస్తున్నాం. అసలు 6 నిండాలన్న పట్టుదలే వద్దు. నేర్చుకునే ఏడాది రెండు బాతులు చాలా ఎక్కువ. గేమ్ వార్డెన్ (వేట చట్టాలు చూసే అధికారి) వస్తే పిల్లవాడే ముందుకెళ్లి "గుడ్ మార్నింగ్ సర్" అని తుపాకీ ఖాళీగా ఉందని చూపించి లైసెన్స్ ఇవ్వాలి. మీరు వెనక నిలబడండి, వాడి తరఫున జవాబులు చెప్పకండి. కాలికి అల్యూమినియం రింగు ఉన్న బాతు దొరికితే అదృష్టం. ఆ నంబర్ ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే ఆ బాతుకి ఎక్కడ, ఎప్పుడు రింగు వేశారో సర్టిఫికెట్ పంపిస్తారు.

ఇంటికి చేరేదాకా ప్రతి బాతుకీ తల గానీ, ఈకలున్న ఒక రెక్క గానీ ఉండాలి, దారిలో వార్డెన్ ఆపితే జాతి తెలియడానికి. గట్టు మీదే శుభ్రంగా పీకేసుకుని వస్తామంటే కుదరదు. 2022 నుంచి అడవి పక్షుల్లో బర్డ్ ఫ్లూ తిరుగుతోంది కాబట్టి చేతులకి గ్లవ్స్ వేసుకునే కోయాలి, జబ్బుగా కనిపించిన బాతుని ముట్టుకోకూడదు, ఇంట్లో కోళ్లు పెంచుతుంటే ఆ బూట్లతో గూటి దగ్గరికి వెళ్లకూడదు. మాంసం లోపల 165 ఫారెన్‌హీట్ దాకా ఉడకాలి. రొమ్ము ముక్కల్ని వేళ్లతో తడిమి గుళ్లు ఏరండి, స్టీల్ గుళ్లకైతే చిన్న అయస్కాంతం తిప్పితే కొన్ని బయటపడతాయి. పంటి కింద పడితే డెంటిస్ట్ బిల్లు వేట ఖర్చుని మించుతుంది. అడవి బాతులో మన ఊరి బాతులా కొవ్వుండదు, అందుకని ఇగురు పెట్టేటప్పుడు నూనె కాస్త ఎక్కువ పోసి, అల్లం వెల్లుల్లి, మిరియాలు దండిగా వేసి, మూత పెట్టి నిదానంగా ఉడికించాలి. టీల్ అన్నిటికంటే రుచి. షవెలర్‌కి చర్మం, కొవ్వు మొత్తం తీసేయకపోతే బురద వాసన వస్తుంది. కోయడం, కడగడం, అల్లం నూరడం దాకా పిల్లవాడే చేయాలి, వంటగది తుడవడంతో సహా. ఈకలు, పేగులు రెండు కవర్లలో గట్టిగా మూట కట్టి, చెత్తబండి వచ్చే రోజు దాకా గరాజ్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి, లేకపోతే హెచ్ఓఏ వాళ్ల ఉత్తరం గ్యారంటీ.